పర్లాకిమిడి చెకర్ డైరీ: సీపీయూ టైమ్ కొలిచే ఒక్క ఫైలు

పని ఇది

పర్లాకిమిడిలో మా కంప్యూటర్ సెంటర్‌కి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఊరు దాటితే పాతపట్నం, అక్కణ్నుంచీ కొందరు వస్తారు. గుణుపురం రైలు దిగి వచ్చేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ ఉమ్మడి భాష సీ (C) అనే ప్రోగ్రామింగ్ భాష. వాళ్లు రాసిన ఫంక్షన్‌కి పెద్ద ఇన్‌పుట్ ఇచ్చి నడిపి, జవాబు సరిపోయిందా, ఎంత సీపీయూ టైమ్ పట్టింది అని చెప్పే చెకర్ ఒకటి కడుతున్నాను. జవాబు సరిచూసే భాగం నడుస్తోంది. ఈ డైరీ అంతా రెండో భాగం గురించే: టైమ్ కొలిచే ఆ ఒక్క ఫైలు.

గోడ గడియారం టైమ్ ఎందుకు చాలదో మా ల్యాబ్‌లో పది నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది. ఒకే ప్రోగ్రామ్, పక్కపక్క పీసీలు. ఒకదాంట్లో యాంటీవైరస్ స్కాన్ మొదలైంది, దాని టైమ్ రెట్టింపైంది. ఇక ఇద్దరు పిల్లలూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ప్రాసెసర్ మీద మన ప్రోగ్రామ్ నిజంగా కూర్చున్న సమయం మాత్రమే లెక్కలోకి రావాలి. పక్కన ఎవరు ఎంత గోల చేసినా ఆ అంకె పెద్దగా మారకూడదు.

యంత్రాలు: ల్యాబ్‌లో అన్నీ విండోస్. నా బల్ల మీద లినక్స్, అందులోనే ఒక వర్చువల్ మెషీన్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టమ్. మాక్ మా దగ్గర లేదు. బరంపురంలో ఉన్న స్నేహితుడికి ఉంది, వాడు రాత్రిపూట నా కోడ్ నడిపి ఫలితం పంపుతాడు.

శనివారం

ల్యాబ్‌లో ఏళ్లుగా తిరుగుతున్న టైమింగ్ ముక్క ఇది: పనికి ముందు క్లాక్ ఫంక్షన్‌ని ఒకసారి పిలువు, తర్వాత ఒకసారి పిలువు, తేడాని క్లాక్స్_పర్_సెక్‌తో (సెకనుకి ఎన్ని లెక్కలో చెప్పే అంకె) భాగించు. సీ ప్రమాణంలో ఉన్న ఫంక్షన్ కాబట్టి ఎక్కడైనా కంపైల్ అవుతుంది. కంపైల్ కావడం వేరు, ఒకే సంగతి చెప్పడం వేరు.

మూడు సెకన్లు నిద్రపోయి లేచే ప్రోగ్రామ్ ఒకటి రాసి, దాన్నే మొదటి పరీక్షగా పెట్టాను. లినక్స్ మీద దాదాపు సున్నా. విండోస్ మీద మూడు వేలు, అంటే నిండుగా మూడు సెకన్లు. మా మేనల్లుడు స్క్రీన్‌లోకి తొంగిచూసి అడిగాడు:

“ఇదేటి మావయ్యా, పడుకున్న టైముకి కూడా కూలి లెక్కెడతాదేటి విండోసు?”

సరిగ్గా అదే. ప్రోగ్రామ్ వాడుకున్న ప్రాసెసర్ సమయానికి వీలైనంత దగ్గరి అంచనా ఇమ్మని సీ ప్రమాణం చెబుతుంది. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలోని క్లాక్ మాత్రం ప్రాసెస్ మొదలైనప్పటి నుంచి గోడ గడియారం ఎంత నడిచిందో చెబుతుంది. ఇది దాచిన సంగతేమీ కాదు, వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు, అంతే.

భాగించే అంకె కూడా తలా ఒక రకం. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో క్లాక్స్_పర్_సెక్ ఎప్పుడూ 10 లక్షలు, లోపల గడియారం ఎంత మోటుగా ఉన్నా సరే. విండోస్‌లో 1000. యూనిక్స్ తరహాదే అయినా ఫ్రీబీఎస్‌డీలో 128. పైగా క్లాక్ ఇచ్చే అంకె రకం, క్లాక్_టీ, ఇరుకు. విండోస్‌లో క్లాక్_టీ 32 బిట్లది కాబట్టి 24.8 రోజుల్లో నిండిపోతుంది. 32 బిట్ల లినక్స్‌లో మైక్రోసెకన్లు లెక్క కాబట్టి సుమారు 72 నిమిషాలకు ఒకసారి మొదటికి వస్తుంది. మా చెకర్ అంతసేపు నడవదు గానీ, రాత్రంతా నడిచే సర్వర్‌లో ఇదే కోడ్ పెట్టినవాడికి తెల్లారేసరికి ఋణ సంఖ్యలు కనిపిస్తాయి.

ఒక పక్కమాట. మన దగ్గర కాలేజీల్లో డాస్ కాలపు సీ కంపైలర్ టర్బో సీ ఇంకా చావలేదు, పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో ఊపిరి పోసుకుని బతుకుతోంది. ఒక అమ్మాయి తెచ్చిన నోట్సులో తేడాని 18.2తో భాగించు అని ఉంది. ఎందుకమ్మా అంటే “సార్ అలాగే చెప్పారండి” అంది. నిజానికి ఆ అంకెకి అర్థం ఉంది. డాస్ రోజుల్లో పీసీ టైమర్ సెకనుకి 18.2 సార్లు కొట్టేది, అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య సుమారు 55 మిల్లీసెకన్లు. ఒక్క ప్రోగ్రామే నడిచే ఆ లోకంలో గోడ గడియారానికీ ప్రాసెసర్ సమయానికీ తేడా తెలిసే అవకాశమే లేదు. ఇప్పుడు ఆ నోట్సు పట్టుకుని కొత్త కంపైలర్ దగ్గరికి వస్తే జవాబు ఎక్కడికో పోతుంది.

సోమవారం, విండోస్ వైపు

క్లాక్‌ని పక్కన పెట్టి గెట్‌ప్రాసెస్‌టైమ్స్‌తో మొదలుపెట్టాను. ప్రాసెస్ పుట్టిన సమయం, ముగిసిన సమయం, కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగంలో) గడిపిన సమయం, యూజర్ కోడ్‌లో (మన ప్రోగ్రామ్‌లో) గడిపిన సమయం, నాలుగూ ఇస్తుంది. అన్నీ ఫైల్‌టైమ్ రూపంలోనే, 100 నానోసెకన్ల లెక్కలో. మొదటి రెండూ 1601 జనవరి 1 నుంచి లెక్కించిన తేదీలు. చివరి రెండూ తేదీలు కావు, వట్టి కాలవ్యవధులు. ఒకే రకంలో రెండు వేర్వేరు అర్థాలు కుక్కడం నాకు నచ్చలేదు, కానీ మనల్ని అడిగి చేయలేదు కదా.

ఫైల్‌టైమ్‌లో రెండు 32 బిట్ల ముక్కలుంటాయి. పై ముక్కని 32 బిట్లు జరిపి కింది ముక్కతో కలుపుకోవాలి. పాయింటర్‌ని నేరుగా 64 బిట్ల రకానికి మార్చేసి చదివే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. అది ఎలైన్‌మెంట్ (64 బిట్ల అంకె మెమరీలో మొదలవ్వాల్సిన హద్దు) దగ్గర దెబ్బతింటుంది, అలా చేయొద్దని మైక్రోసాఫ్టే హెచ్చరించింది.

నిద్ర పరీక్ష దాటింది: మూడు సెకన్లు పడుకుంటే సున్నా. అయితే చిన్న పనులకూ సున్నాయే వస్తోంది! వెయ్యి అంకెల్ని క్రమంలో పెట్టే ఫంక్షన్‌కి సున్నా. దాన్నే మళ్లీ నడిపితే ఒక్కోసారి ఉన్నట్టుండి 15.625 మిల్లీసెకన్లు. మధ్యలో ఏమీ లేదు.

సంగతేమిటో చూడటానికి, అంకె మారేదాకా ఊరికే తిరిగే లూప్ ఒకటి రాశాను. మారిన ప్రతిసారీ మెట్టు 156250. 100 నానోసెకన్లతో గుణిస్తే 15.625 మిల్లీసెకన్లు, అంటే సెకనులో 64వ వంతు. కొలబద్ద మీద 100 నానోసెకన్ల గీతలు గీసి ఉన్నాయి, చేత్తో కొలిచేది మాత్రం 15.625 మిల్లీసెకన్ల ముక్కలతో.

మేనల్లుడికి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీతో చెప్పాను. మేస్త్రీ నిర్ణీత వ్యవధికి ఒకసారి షెడ్డులోకి వస్తాడు. ఆ క్షణంలో పీట మీద ఎవరు కూర్చుని ఉంటే ఆ వ్యవధి కూలి మొత్తం వాళ్ల పేరునే రాస్తాడు. వాడు రాకముందే పని చేసి లేచిపోయినవాళ్లకి సున్నా. రోజంతా కలిపితే లెక్క సుమారుగా సరిపోతుంది, ఒక్క గంట చూస్తే అన్యాయం. విండోస్ టిక్ (టైమర్ దెబ్బ) లెక్క అదే. కావాలని టిక్‌కీ టిక్‌కీ మధ్యలోనే పని చేసి తప్పుకునే ప్రోగ్రామ్ బోలెడు ప్రాసెసర్ తిని కూడా సున్నా చూపించగలదు.

విస్టా నుంచి క్వెరీప్రాసెస్‌సైకిల్‌టైమ్ అని ఇంకొకటి వచ్చింది. ప్రాసెస్ ఎన్ని సైకిళ్లు వాడిందో చెబుతుంది, మెట్ల గొడవ లేదు. రెండు ప్రోగ్రాముల్ని ఒకే పీసీ మీద పోల్చడానికి బంగారం లాంటిది. దాన్ని సెకన్లలోకి మార్చొద్దని మైక్రోసాఫ్ట్ మాట, ఆ మాట వింటున్నాను. ఫైల్లో దీన్ని వేరే ఫంక్షన్‌గా ఉంచాను, సెకన్ల ఫంక్షన్‌తో కలపలేదు.

సెకన్లే కావాలంటే దారి ఒక్కటే: పనిని మళ్లీ మళ్లీ చేయించి, మొత్తం రెండు సెకన్లు దాటాక భాగించడం. ఒక మెట్టు అటూ ఇటూ పోయినా రెండు సెకన్లలో అది ఒక శాతం లోపే.

లినక్స్ వైపు

ఇక్కడ సమస్య తిరగబడింది. దారులు ఎక్కువ, ఏది ఎంచుకోవాలన్నదే ప్రశ్న.

పాతది టైమ్స్ ఫంక్షన్. టిక్కుల్లో ఇస్తుంది. టిక్ ఎంతో సిస్‌కాన్ఫ్‌ని అడగాలి, మామూలుగా సెకనుకి 100. అంటే 10 మిల్లీసెకన్ల మెట్టు, విండోస్ కంటే కాస్త నయం అంతే. తర్వాత గెట్‌ఆర్‌యూసేజ్: యూజర్, సిస్టమ్ (అంటే కెర్నల్) రెండూ వేర్వేరుగా, మైక్రోసెకన్లలో. ఆ తర్వాత క్లాక్_గెట్‌టైమ్‌కి క్లాక్_ప్రాసెస్_సీపీయూటైమ్_ఐడీ ఇచ్చి పిలవడం: నానోసెకన్లలో మొత్తం మాత్రమే, విడదీయదు. జీలిబ్‌సీ (లినక్స్ సీ లైబ్రరీ) 2.18 నుంచి మామూలు క్లాక్ ఫంక్షన్ కూడా లోపల ఈ చివరిదాన్నే పిలుస్తుంది. లినక్స్ మీద మాత్రమే పని చేసేవాళ్లకి క్లాక్ మీద ఫిర్యాదు లేకపోవడానికి కారణం ఇదే. పాత యంత్రాల్లో కంపైల్ చేసేవాళ్లకి ఒక మాట: జీలిబ్‌సీ 2.17కి ముందైతే క్లాక్_గెట్‌టైమ్ కోసం ఆర్‌టీ లైబ్రరీని లింక్ చేయాలి.

మేనల్లుడు గెట్‌ఆర్‌యూసేజ్‌తో ఆడుకుంటూ ఒక చిత్రం పట్టాడు. ఒకే చిన్న ప్రోగ్రామ్, ఒకసారి యూజర్ సున్నా, సిస్టమ్ 4 మిల్లీసెకన్లు. మళ్లీ నడిపితే యూజర్ 4, సిస్టమ్ సున్నా. మొత్తం మాత్రం రెండుసార్లూ ఒకటే.

దీని వెనకాల ఉన్నది తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, అది దండగ కాలేదు. లినక్స్ షెడ్యూలర్ (ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించే భాగం) ప్రతి టాస్క్ ప్రాసెసర్ మీదికి ఎక్కినప్పుడూ దిగినప్పుడూ నానోసెకన్లలో లెక్క రాస్తుంది. కాబట్టి మొత్తం నమ్మదగినది. యూజర్ ఎంత, సిస్టమ్ ఎంత అన్నది మాత్రం మామూలు కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో ఇక్కడా టిక్ కొట్టినప్పుడు తొంగిచూసి రాసేదే. ఆ టిక్కుల నిష్పత్తిని తీసుకుని, కచ్చితమైన మొత్తాన్ని ఆ నిష్పత్తిలో పంచి మనకి ఇస్తుంది. చిన్న ప్రోగ్రామ్‌లో పడిన ఒకే ఒక్క టిక్ సిస్టమ్ కాల్ (కెర్నల్‌ని పని అడగడం) మధ్యలో పడితే మొత్తమంతా సిస్టమ్ ఖాతాలోకి పోతుంది. ఫ్రీబీఎస్‌డీలోనూ ఇదే తీరు. చూపించేది మైక్రోసెకన్లలో ఉంటుంది కాబట్టి మోసం నున్నగా ఉంటుంది: పంచిన వాటా చివర అంకెలు చూస్తే ఎవరో కొలిచి రాశారనే అనుకుంటాం.

అందుకే చెకర్‌లో పిల్లలకి మొత్తం ఒక్కటే చూపిస్తున్నాను. విడి అంకెలు ఫైల్లో ఉంటాయి, తెర మీదికి రావు.

ఇంకొకటి. క్లాక్_మోనోటోనిక్‌ని (వెనక్కి తిరగని గడియారం) అడిగితే లినక్స్ సాధారణంగా కెర్నల్‌లోకి దిగకుండానే జవాబిస్తుంది, వీడీఎస్‌వో (కెర్నల్ మన ప్రోగ్రామ్‌లోకే పెట్టి ఇచ్చే చిన్న లైబ్రరీ) పుణ్యాన. సీపీయూ టైమ్ గడియారానికి ఆ సౌకర్యం లేదు, ప్రతి పిలుపూ నిజమైన సిస్టమ్ కాల్. లోపలి లూప్‌లో ప్రతి చుట్టుకీ పిలిస్తే కొలిచేది కొలతనే అవుతుంది. ముందొకసారి, వెనకొకసారి, అంతే.

రథయాత్ర మర్నాడు

ఊరంతా రథం వీధిలోనే ఉంది, ల్యాబ్ ఖాళీ. బరంపురం వాడికి ఫోన్ చేస్తే గంటసేపు వాదన.

ఫైల్లో మాక్రోల (కంపైల్ చేసేటప్పుడే దారి ఎంచే గుర్తుల) వరస ఇలా పెట్టాను: విండోస్ అయితే ఇది, పోసిక్స్ సీపీయూ టైమ్ ఉంటే ఇది, లేకపోతే గెట్‌ఆర్‌యూసేజ్, అదీ లేకపోతే కంపైల్ కాకుండా ఎర్రర్. వాడికి ఆ చివరిది నచ్చలేదు.

“ఎర్రర్ ఎందుకురా? చివర్న క్లాక్ పెట్టేయ్. అది లేని చోటు లేదు. ఏదో ఒక అంకె వస్తుంది గదా.”

“ఆ ఏదో ఒక అంకే నా బాధ” అన్నాను. “విండోస్‌లో ఎవడో వింత కంపైలర్‌తో కడతాడు, మన మాక్రో కుదరదు, చప్పుడు లేకుండా క్లాక్‌కి పడిపోతుంది. గోడ టైమ్‌ని సీపీయూ టైమ్ అని చెప్పి మార్కులు కోస్తాం. పిల్లాడికి తెలీదు, మనకీ తెలీదు.”

“అంత అతి జాగ్రత్త అయితే పోర్టబుల్ ఎలా అవుద్ది?”

పోర్టబుల్ అంటే ప్రతిచోటా ఏదో ఒకటి చెప్పడం అని వాడి లెక్క. నా లెక్కలో, ఏం చెప్పినా ప్రతిచోటా దానికి ఒకే అర్థం ఉండాలి. కుదరని చోట కుదరదని చెప్పాలి. ఈ విషయంలో నాకు తోడు పైథాన్. అందులో టైమ్ మాడ్యూల్‌లోని క్లాక్ కూడా ఇదే రోగంతో ఉండేది: యూనిక్స్ వైపు ప్రాసెసర్ సమయం, విండోస్ వైపు గోడ సమయం. 2012లో వచ్చిన 3.3లో దాన్ని వదిలేయమని చెప్పి, ప్రాసెస్_టైమ్, పెర్ఫ్_కౌంటర్ అని పని పనికీ వేర్వేరు పేర్లు పెట్టారు. 2019లో వచ్చిన 3.8లో క్లాక్‌ని పూర్తిగా తీసేశారు. అంత పెద్ద భాషే పాత ప్రోగ్రాములు విరిగినా ఫర్వాలేదని తీసేసింది, మన చెకర్‌కి మొహమాటం ఎందుకు?

వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. “సరే, నీ ఇంజనీరింగ్ నీది” అని వదిలేశాడు. ఎర్రర్ ఉంది, ఉంటుంది.

ఆ వాదనలోంచి వచ్చిన మంచి ఒకటి ఉంది. ఫంక్షన్ తిరిగిచ్చేది వట్టి అంకె కాకుండా ఒక స్ట్రక్ట్ అయింది: మొత్తం నానోసెకన్లు 64 బిట్లలో, యూజర్, సిస్టమ్, ఏ మూలం నుంచి వచ్చింది, ఆ మూలానికి నిజమైన మెట్టు ఎంత. మెట్టుని సిస్టమ్‌ని అడగడం లేదు. లినక్స్‌లో క్లాక్_గెట్‌రెస్‌ని అడిగితే ఒక నానోసెకను అని గర్వంగా చెబుతుంది. విండోస్‌లో ఫైల్‌టైమ్ చూస్తే 100 నానోసెకన్లు అనిపిస్తుంది. చెకర్ మొదలవగానే ఆ తిరిగే లూప్‌తో తనే కొలుచుకుంటుంది. పని మొత్తం సమయం మెట్టుకి వంద రెట్ల కంటే తక్కువైతే అంకె బదులు “కొలవలేనంత చిన్నది” అని రాస్తుంది. పిల్లలకి ఇది నచ్చలేదు, అందరికీ అంకె కావాలి. రాదు.

మాక్రోల వరసలో ఒక గోతి ఉంది, రాసి పెట్టుకోవాలి. మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్‌తో విండోస్‌లో కడితే దాని పీథ్రెడ్ లైబ్రరీ క్లాక్_గెట్‌టైమ్‌నీ, సీపీయూటైమ్ ఐడీనీ ఇస్తుంది. కోడ్ లినక్స్ దారిన హాయిగా కంపైల్ అవుతుంది. లోపల మాత్రం గెట్‌ప్రాసెస్‌టైమ్సే, అవే 15.625 మిల్లీసెకన్ల మెట్లు, పైకి నానోసెకన్ల వేషం. కాబట్టి విండోసా కాదా అన్న ప్రశ్న అన్నిటికంటే ముందు రావాలి. విండోస్ మీద యూనిక్స్ వాతావరణం ఇచ్చే సిగ్విన్ మాత్రం తనని తాను విండోస్ అని చెప్పుకోదు, యూనిక్స్ దారినే పోతుంది. అక్కడ మెట్టుని కొలుచుకునే లూపే దిక్కు.

సీ23 ప్రమాణంలో టైమ్‌స్పెక్_గెట్‌కి టైమ్_యాక్టివ్, టైమ్_థ్రెడ్_యాక్టివ్ అని కొత్తగా చేర్చారు, సరిగ్గా ఈ పనికే. అయితే అవి ఐచ్ఛికం. మా ల్యాబ్ కంపైలర్ల వయసు చూస్తే వాటి గురించి తర్వాత ఆలోచిస్తాను.

మాక్ వైపు

పెద్దగా రాయాల్సింది లేదు. క్లాక్_గెట్‌టైమ్ మాక్‌కి 2016లో సియెర్రాతో వచ్చింది. అంతకుముందు వాటి మీదా నడవాలంటే గెట్‌ఆర్‌యూసేజ్ చాలు, మొదటి నుంచీ ఉంది, మైక్రోసెకన్లు ఇస్తుంది. అదే పెట్టాను.

స్నేహితుడికి మాత్రం ఊరికే ఉండబుద్ధి కాలేదు. నడుస్తున్న వేరే ప్రాసెస్ టైమ్ కూడా చూద్దామని ప్రాక్_పిడ్_ఆర్‌యూసేజ్‌తో ఒక ముక్క రాసి పంపాడు. వాడి పాత ఇంటెల్ మాక్‌లో అంకెలు చక్కగా ఉన్నాయి, కొత్త యాపిల్ చిప్ మాక్‌లో నలభై రెట్లు చిన్నగా వచ్చాయి. “నా కొత్త మాక్ నలభై రెట్లు స్పీడురా” అని సంబరంగా మెసేజ్. ఆ ఫంక్షన్ ఇచ్చేది నానోసెకన్లు కాదు, మాక్ కెర్నల్ సొంత టిక్కులు. ఇంటెల్‌లో ఒక టిక్ ఒక నానోసెకను కావడం వల్ల తేడా కనపడలేదు. యాపిల్ చిప్‌లో గడియారం 24 మెగాహెర్ట్జ్, అంటే ఒక టిక్‌కి 41.67 నానోసెకన్లు. టైమ్‌బేస్‌ని అడిగితే 125 బై 3 అని చెబుతుంది, దాంతో గుణించుకోవాలి. సంబరం అక్కడితో సరి.

రెండు థ్రెడ్ల తగువు

కాశీనగర్ నుంచి వచ్చే కుర్రాడు ఒకడు మహా చురుకు. లెక్కని రెండు థ్రెడ్లుగా (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే దారులు) విడగొట్టి తెచ్చాడు. వాచీ పెట్టి చూస్తే సగం సమయంలో అయిపోయింది. చెకర్ మాత్రం పాత అంకే చూపించింది, ఇంకా కాస్త ఎక్కువే.

“సార్, మీ మిషన్ నాకు అన్యాయం చేత్తంది” అన్నాడు.

ప్రాసెస్ సీపీయూ టైమ్ అన్ని థ్రెడ్లదీ కలిపి లెక్కిస్తుంది. ఇద్దరు చెరో గంట పని చేస్తే అది రెండు గంటల పనే, ముందుగా ఇంటికి వెళ్లడం వేరే విషయం. థ్రెడ్లు కట్టడానికీ కలపడానికీ అయ్యే ఖర్చు దాని మీద అదనం. వాడి మాటా తప్పు కాదు, వాడికి కావాల్సిన అంకె మేం చూపించడం లేదు. ఇప్పుడు చెకర్ రెండూ చూపిస్తుంది: గోడ సమయం, సీపీయూ సమయం. రెండో దాన్ని మొదటిదానితో భాగిస్తే ఎన్ని కోర్లు పని చేశాయో ఒక ఊహ వస్తుంది. థ్రెడ్ వారీగా కావాలంటే లినక్స్‌లో క్లాక్_థ్రెడ్_సీపీయూటైమ్_ఐడీ, విండోస్‌లో గెట్‌థ్రెడ్‌టైమ్స్ ఉన్నాయి. ఆ ఫంక్షన్లు కూడా చేర్చాను గానీ తెర మీద పెట్టలేదు.

వేరే ప్రాసెస్‌ని కొలవడం

ఇంతదాకా చెకర్‌లోనే ఫంక్షన్ నడిచింది. పిల్లల కోడ్ కూలిపోతే చెకర్ కూడా కూలుతోంది, కాబట్టి వాళ్ల ప్రోగ్రామ్‌ని విడి ప్రాసెస్‌గా నడపక తప్పదు. టైమ్ లెక్క ఇక్కడ పూర్తిగా మారిపోతుంది.

యూనిక్స్ వైపు వెయిట్4 చాలా మర్యాదస్తురాలు: ముగిసిన పిల్ల ప్రాసెస్‌ని ఏరుతూనే దాని లెక్క చేతికిస్తుంది. ఆ పిల్ల తన పిల్లల్ని వెయిట్ చేసి ఏరి ఉంటే వాటిదీ కలిపి. గెట్‌ఆర్‌యూసేజ్‌ని ఆర్‌యూసేజ్_చిల్డ్రన్‌తో పిలిస్తే అప్పటిదాకా ముగిసి, మనం ఏరిన పిల్లలన్నిటిదీ కుప్పగా వస్తుంది. రెండు ప్రోగ్రాముల్ని ఒకేసారి నడిపితే ఏది ఎవరిదో తేల్చలేం. అందుకే వెయిట్4. సిగ్‌చైల్డ్‌ని (పిల్ల ముగిసిందని చెప్పే సిగ్నల్) పట్టించుకోవద్దని పెట్టేస్తే పిల్లల లెక్క అసలు జమ కాదు. పాత చెకర్ల నుంచి ఆ ఒక్క లైను అరువు తెచ్చుకోకూడదు.

విండోస్‌లో హ్యాండిల్ మూయనంతవరకూ, ప్రాసెస్ ముగిశాక కూడా గెట్‌ప్రాసెస్‌టైమ్స్ పని చేస్తుంది. మనవళ్ల (పిల్ల ప్రాసెస్ కన్న ప్రాసెస్‌ల) లెక్క మాత్రం రాదు. దానికి జాబ్ ఆబ్జెక్ట్ (ప్రాసెస్‌ల గుంపుని ఒకటిగా చూసేది) కావాలి. ప్రాసెస్‌ని ఆపి ఉంచిన స్థితిలో పుట్టించి, జాబ్‌లో చేర్చి, అప్పుడు వదలాలి. ముందే వదిలేస్తే జాబ్‌లో చేరేలోపు అది తన పిల్లల్ని కనేయవచ్చు.

హద్దు పెట్టడంలో ఇంకో అసమానత. లినక్స్‌లో ఆర్‌లిమిట్_సీపీయూ యూజర్, సిస్టమ్ రెండూ కలిపి లెక్కిస్తుంది, హద్దు దాటితే సిగ్‌ఎక్స్‌సీపీయూ సిగ్నల్ పంపుతుంది. అయితే హద్దు పూర్తి సెకన్లలోనే ఇవ్వాలి, ఒకటిన్నర కుదరదు. విండోస్ జాబ్‌లో 100 నానోసెకన్ల లెక్కలో ఇవ్వొచ్చు, కానీ అది యూజర్ సమయాన్ని మాత్రమే చూస్తుంది. ఊరికే ఫైళ్లు తెరిచి మూస్తూ కెర్నల్‌లో కాలం గడిపే ప్రోగ్రామ్ లినక్స్‌లో చస్తుంది, విండోస్‌లో బతికిపోతుంది. కాబట్టి ఓఎస్ ఇచ్చే హద్దుని పిచ్చి లూప్‌ల నుంచి కాపలాగా మాత్రమే వాడుతున్నాను, కాస్త వదులుగా. పాస్, ఫెయిల్ తీర్పు ముగిశాక వచ్చిన మొత్తాన్ని బట్టే.

దీంతో పాటు గోడ గడియారం హద్దు కూడా తప్పనిసరి. టర్బో సీ అలవాటుతో చివర్లో గెట్‌చ్ పెట్టే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఏదో ఒక కీ నొక్కుతారని కూర్చునే ప్రోగ్రామ్ సీపీయూ ఒక్క చుక్క కూడా తాగదు. సీపీయూ హద్దు ఒక్కటే పెడితే అది ఎప్పటికీ అలాగే కూర్చుంటుంది.

వాన, కరెంటు

మధ్యాహ్నం నుంచి వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది. ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీదికి వెళ్లగానే ఒకే ప్రోగ్రామ్ సీపీయూ టైమ్ పెరిగింది. మేనల్లుడు బగ్ దొరికిందని ఎగిరాడు. బగ్ కాదు. పొదుపు కోసం ప్రాసెసర్ వేగం తగ్గించుకుంది, అదే పనికి ఎక్కువసేపు కూర్చుంది, కూర్చున్నంతసేపూ లెక్క. పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉన్న కొత్త ప్రాసెసర్లలో ఏ కోర్ మీద పడిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఒకే కోర్‌ని రెండు హైపర్‌థ్రెడ్లు పంచుకుంటే ఇద్దరికీ పూర్తి సమయం రాస్తారు, పని మాత్రం ఎవరికీ పూర్తిగా సాగదు. వర్చువల్ మెషీన్‌లోనైతే హోస్ట్ లాక్కున్న సమయం కూడా మన ఖాతాలో కలిసే అవకాశం ఉంది. అందుకే ఫ్రీబీఎస్‌డీ అంకెల్ని తప్పొప్పుల పరీక్షకే వాడుతున్నాను, వేగం పోల్చడానికి కాదు.

చెకర్‌లో రెండు నియమాలు చేర్చాను. బ్యాటరీ మీద ఉంటే మార్కులు వేయదు. హద్దుకి పది శాతం అటూ ఇటూ పడితే ఇంకోసారి నడిపి తక్కువ వచ్చినదాన్ని తీసుకుంటుంది.

ఇవాళ్టికి

ఫైలు నాలుగు చోట్లా కంపైల్ అవుతోంది. నిద్ర పరీక్ష, తిరిగే లూప్, రెండు థ్రెడ్లు, పిల్ల ప్రాసెస్, నాలుగు పరీక్షలూ లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, మాక్ మీద దాటాయి. విండోస్‌లో జాబ్ ఆబ్జెక్ట్ భాగం మిగిలింది: మనవడు ప్రాసెస్ జాబ్ నుంచి తప్పించుకుందేమో పట్టుకునే పరీక్ష ఇంకా రాయాలి. అది మేనల్లుడికి అప్పగించాను. నేను ఇన్‌పుట్లు పెద్దవి చేసే పనిలో ఉన్నాను. ల్యాబ్ పీసీల్లో రెండు సెకన్లు నిండాలంటే ఇప్పుడున్న లక్ష అంకెల ఫైళ్లు చాలవు.